గీత మీద గీత

సిడ్నీలో పిల్లలున్న తల్లిదండ్రులకి చూపించే చోట్లకి ఒక వరస ఉంది. మొదట ఒపేరా హౌస్, పక్కనే వంతెన. ఆ వచ్చే శనివారం హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి. తర్వాత బ్లూ మౌంటెన్స్, అక్కడ మూడు రాతి శిఖరాల ముందు నిలబడి ఫోటో. ఇవయ్యాక ఇక షాపింగ్ మాల్సే. మాకూ ఆ వరస పూర్తయింది. "ఇంకేం చూస్తారు అత్తయ్యా?" అని అల్లుడు అడిగితే, కూ-రింగ్-గై ఛేస్ అన్నాను. కౌన్సిల్ లైబ్రరీలో బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే అందులో కనపడింది, బండ మీద చెక్కిన ఈము పక్షి.

"అక్కడ రాళ్ళూ చెట్లూ తప్ప ఏముంటాయమ్మా?" అంది మా అమ్మాయి.

జమ్మలమడుగులో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. రాళ్ళూ చెట్లూ నాకు చాలు. మా ఆయన మోకాళ్ళ సాకు చెప్పి టీవీ ముందే ఉండిపోయారు. పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని, అమ్మాయి, అల్లుడు, మనవడు, నేను బయల్దేరాం. ఏప్రిల్ నెల. మనకి ఎండలు మండిపోయే రోజులు వాళ్ళకి చలి మొదలయ్యే రోజులు.

సిడ్నీకి ఉత్తరపు అంచున ఉంది ఆ పార్కు. మా అమ్మాయి వాళ్ళుండే వెంట్‌వర్త్‌విల్ నుంచి గంట పైన ప్రయాణం. టెర్రీ హిల్స్ దాకా ఇళ్ళు, గుర్రాల దొడ్లు, నర్సరీలు. ఆ తర్వాత వెస్ట్ హెడ్ రోడ్డు ఎక్కితే ఇల్లన్నది లేదు. దాదాపు 15,000 హెక్టార్ల అడవి. అడవంటే మన నల్లమలలాగా నీడ పడే అడవి కాదు. ఇసుకరాతి గుట్టలు, వాటి పగుళ్ళలో వేళ్ళు దింపుకున్న పొదలు, మధ్యమధ్య యూకలిప్టస్. ఆస్ట్రేలియాలో పెద్ద జంతువుల సందడి చూడాలనుకునే వాళ్ళు ఇక్కడికి రానక్కర్లేదు. కిందికి చూస్తూ నడిచే వాళ్ళకే ఈ చోటు.

కడప బండల దేశం నుంచి వచ్చినదాన్ని, బండ కనిపిస్తే చేత్తో తడమకుండా ఉండలేను. మా బండ నల్లగా, నునుపుగా పలకలు పలకలుగా లేస్తుంది. ఇది పసుపూ ఎరుపూ కలిసిన గరుకు బండ, గోటితో గీకితే ఇసుక రాలుతుంది. 20 కోట్ల ఏళ్ళకి పైబడిన రాయి. ఏనాటివో మహానదులు దక్షిణం నుంచి మోసుకొచ్చి పోసిన ఇసుక గట్టిపడి ఇలా అయింది. ఈ రాతి మీది మట్టిలో సారం తక్కువ. అందుకే తెల్లవాళ్ళు ఇక్కడ గోధుమ వేయలేకపోయారు. అడవి మిగిలిందంటే ఆ పేదమట్టి పుణ్యమే చాలావరకు.

రోడ్డు చివర, రెజల్యూట్ పిక్నిక్ స్థలం దగ్గర మా గైడు ఎదురుచూస్తోంది. యాభై దాటిన ఆదివాసీ స్త్రీ, ఖాకీ టోపీ, బిగువైన నవ్వు. ఆమెది ఈ నేల కాదట. పడమటి మైదానాల విరాడ్జురి జాతి ఆమెది. అందుకని నడక మొదలుపెట్టే ముందు ఆగి, ఈ నేల మనుషులకి, వాళ్ళ పెద్దలకి పేరు పేరునా కాకపోయినా దండం పెట్టుకుంది. ఆహ్వానం పలికే హక్కు ఆ నేల వాళ్ళకే ఉంటుంది, పరాయి నేల మనిషి చేయగలిగింది గౌరవం తెలపడం వరకేనని చెప్పింది. ఆస్ట్రేలియాలో ప్రతి మీటింగులో, మనవడి స్కూలు ఫంక్షన్లో కూడా ఈ మాటలు వినపడతాయి. అక్కడ అవి గబగబా చదివేసే వాక్యాలు. ఈమె నోట అవి పనిలాగా వినిపించాయి, గడప దాటే ముందు చెప్పులు విప్పడం ఎలాగో అలాగ.

"మరి ఈ నేల వాళ్ళు ఏరీ?" అని అడిగాడు మా మనవడు. వాడికి తొమ్మిదేళ్ళు. ఎప్పుడు ఏది అడగకూడదో వాడికి తెలీదు.

"వస్తుంది, ఆ సంగతికి వస్తాను," అంది ఆమె, ముందుకు నడుస్తూ.

ముందు చెట్లకి వచ్చింది. గడ్డిచెట్టు చూపించింది. నల్లటి పొట్టి మాను, దాని నెత్తిన జుట్టు విరబోసుకున్నట్టు పొడుగాటి గడ్డి, మధ్యలోంచి మనిషిని మించిన నిటారు కాడ. ఆ కాడ ఎండితే ఈటె కర్ర. మాను మొదట్లో కారే బంకని నిప్పు సెగ చూపించి మెత్తబరిస్తే, ఈటె ములికిని కర్రకి అతికించే జిగురు. పూవులోని తేనెని నీళ్ళలో నానబెట్టి తాగేవాళ్ళు. మాను ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకి మించి పెరగదు. మా అల్లుడి నడుమెత్తున్న చెట్టు మా అల్లుడి తాత కంటే పెద్దది కావచ్చన్నమాట.

బ్యాంక్సియాలు పూసి ఉన్నాయి, నారింజరంగు కొవ్వొత్తుల్లా. పక్కనే ఎండిపోయిన కాయలు, చెక్కకి పెదాలు మొలిచినట్టుగా. ఆ పెదాలు మామూలుగా విచ్చుకోవు. అడవి అంటుకున్నప్పుడు, ఆ వేడికి విచ్చుకుని గింజలు వదులుతాయి. కాలిన నేల మీద, పోటీ లేని చోట, బూడిదలో మొలక లేస్తుంది. 1994 జనవరిలో సిడ్నీ చుట్టూ రేగిన మంటల్లో ఈ పార్కు పెద్ద భాగం కాలిపోయిందట. నల్లబడ్డ మానులు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి, వాటి మీదే పచ్చటి కొమ్మలు.

"కాలడం తప్పు కాదు. ఎప్పుడు, ఎంత, ఎవరు తగలబెడుతున్నారన్నది చూడాలి," అంది గైడు. పాతకాలం వాళ్ళు చల్లటి రోజుల్లో కొద్దికొద్దిగా, జంతువులు పక్కకి తప్పుకునేంత నెమ్మదిగా కాల్చేవాళ్ళు. ఆ చేతులు పోయాక ఆకూ అలమూ పేరుకుపోయి, అంటుకుంటే కొండ మొత్తం పోయేంత మంట అయింది. ఇప్పుడు పార్కుల శాఖ వాళ్ళు కూడా చలికాలంలో ముందుగా కాలుస్తున్నారు. ఆదివాసుల పద్ధతి నేర్చుకోవడం ఈమధ్యే మొదలైందని ఆమె అన్నప్పుడు గొంతులో కోపం లేదు, కొంచెం వెటకారం ఉంది.

ఇంకో చెట్టు మాను మీద పిచ్చిగీతలు. బెరడు కింద చిమ్మటల పురుగులు తొలుచుకుంటూ పోయిన దారులవి. బెరడు రాలాక బయటపడతాయి. మా మనవడి తెలుగు చేతిరాత లాగే ఉన్నాయని వాళ్ళమ్మ అంటే వాడు అలిగాడు.

అలక పులిహోర దగ్గర తీరింది. డబ్బా మూత తీశామో లేదో, నల్లటి కోడి లాంటి పక్షి, ఎర్రటి బోడితల, మెడలో పసుపుపచ్చ పట్టీ, బల్ల కిందకి దూరి వచ్చింది. బ్రష్ టర్కీ. పక్షుల్లో ఇంత సిగ్గులేనిదాన్ని నేను చూడలేదు. దీని సంసారం మాత్రం మెచ్చుకోదగ్గది. మగపక్షి ఆకులూ మట్టీ కాళ్ళతో చిమ్మి పెద్ద కుప్ప పోస్తుంది. ఆడపక్షి వచ్చి అందులో గుడ్లు పెట్టి పోతుంది. ఆకులు కుళ్ళే వేడికే గుడ్లు పొదగాలి. ముక్కు లోపలికి పెట్టి వేడి చూసుకుంటూ, ఎక్కువైతే పైమట్టి తీసేస్తూ, తక్కువైతే వేస్తూ, తండ్రే కాపలా కాస్తాడు. పిల్ల బయటికి రాగానే మాత్రం ఎవరి దారి వారిది. "మన పేరెంటింగ్ కంటే నయం," అన్నాడు అల్లుడు. అమ్మాయి నవ్వలేదు.

తర్వాత రెడ్ హ్యాండ్స్ గుహకి మెట్లెక్కాం. గుహ అంటే పెద్ద గుహేం కాదు, బండ కింద నలుగురు వానకి నిలబడేంత చూరు. లోపలి గోడ మీద ఎర్రమన్ను రంగులో చేతుల ఆనవాళ్ళు. అరచేతిని గోడకి ఆనించి, నోట్లో ఎర్రమన్ను నీళ్ళు పోసుకుని దాని చుట్టూ ఊదితే, చెయ్యి తీశాక దాని ఆకారం ఖాళీగా మిగులుతుంది. కళ్ళు అలవాటు పడేదాకా నాకు ఏమీ కనిపించలేదు. ముందొక వేలు, తర్వాత దాని పక్కది, ఆపైన మొత్తం చెయ్యి. చిన్న చెయ్యి. మనవడు తన చేతిని గాల్లో పైకెత్తి దూరం నుంచే కొలుచుకున్నాడు. ముట్టుకోకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు.

నేను మా వైపు చింతకుంటలో ఉన్నాను కాసేపు. ముద్దనూరు మండలంలో ఆ ఊరి గుండ్ల కింద ఎర్రమట్టితో వేసిన జింకలూ, ఎద్దులూ ఉన్నాయి. పండితులు రాశారు, విదేశీయులు వచ్చి కాపీలు గీసుకెళ్ళారు. నేను చూసినప్పుడు మాత్రం మాకు దారి చూపించింది మేకలు కాసే పిల్లవాడే. వానొస్తే వాళ్ళు తలదాచుకునే గుండ్లవి. వాడు "ఇవి మా తాతలప్పటివి" అన్నాడు, ఏ తాతలో చెప్పకుండా. అక్కడ కాపలా లేదు, బోర్డు చూసిన గుర్తు లేదు. ఇక్కడ బోర్డుంది, కంచె ఉంది, చెడగొడితే శిక్ష వేసే 1974 నాటి చట్టముంది. తాతల సంగతి చెప్పే మేకలకాపరి లేడు. ఈ రెండింట్లో ఏది మేలని అడిగితే నేను తేల్చి చెప్పలేను. మా వాళ్ళకి ఆ బోర్డు కావాలని మాత్రం గట్టిగా అంటాను.

కింద బీచి వైపు దిగే దారిలో మట్టి నల్లగా మారింది. దాని నిండా తెల్లటి గవ్వ ముక్కలు, ఆల్చిప్పలు. తరతరాలు తిని పారేసిన గుల్లల దిబ్బ. వంటిల్లూ, చెత్తకుప్పా, వార్తాపత్రికా అన్నీ అందులోనే ఉంటాయి. ఏం తిన్నారు, ఏ కాలంలో తిన్నారు, ఏ చేప తగ్గిపోయింది. సిడ్నీ కట్టిన తొలినాళ్ళలో సున్నపురాయి దగ్గర్లో దొరకలేదు. గోడలకి సున్నం కావాలి. తీరం వెంట ఉన్న ఇలాంటి దిబ్బలు తవ్వి, గుల్లలు కాల్చి సున్నం చేసుకున్నారు వలస వచ్చినవాళ్ళు. మన కోస్తా వాళ్ళకి గుల్లసున్నం కొత్త కాదు, కానీ అది మనం మన సముద్రంలో ఏరుకున్న గుల్లలతో చేసింది. ఇక్కడ వేరొకరి వంటింటిని తవ్వి గోడలు కట్టుకున్నారు. పాత భవనాల ఫోటోలు తీసుకుని వచ్చాను కదా, ఇంటికెళ్ళి మళ్ళీ చూసుకోవాలనుకున్నాను.

ఈ దిబ్బలు మరీ పాతవేం కాదని గైడు అంది. అంతకంటే పాతవి నీళ్ళలో ఉన్నాయి. ఇరవై వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కింద ఉండేది. తీరం ఇంకా తూర్పున ఎక్కడో. మంచు కరిగి నీళ్ళు లోయల్లోకి ఎగదన్నితే, నది పారిన లోయలు సముద్రపు పాయలయ్యాయి. ఎదురుగా కనిపిస్తున్న పిట్‌వాటర్ అలా మునిగిపోయిన లోయే. దాని మీద ఇప్పుడు తెల్లటి పడవల తెరచాపలు.

వెస్ట్ హెడ్ అంచున నిలబడితే అంతా కనపడుతుంది. కుడిపక్క పామ్ బీచ్, దాని కొసన 1881 నాటి బారెన్‌జోయ్ దీపస్తంభం, ఎడమవైపు హాక్స్‌బరీ నది సముద్రంలో కలిసే చోటు, మధ్యలో కూర్చున్న సింహంలా లయన్ ఐలాండ్. ఇక్కడే 1788 మార్చిలో సిడ్నీ వలస తొలి గవర్నర్ ఫిలిప్ పడవల్లో వచ్చి తిరిగాడు. బండల మీద మనుషుల బొమ్మలూ, డాళ్ళూ, చేపలూ చెక్కి ఉన్నాయని ఇంగ్లండుకి జాబు రాసింది ఆ ఏడాదే. మరుసటి ఏడాదే మశూచి వచ్చింది. సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసుల్లో సగం మంది పోయారని ఆనాటి వాళ్ళ లెక్క. గూడేలకి గూడేలు ఖాళీ. మిగిలినవాళ్ళు ఒకరితో ఒకరు కలిసి కొత్త గుంపులయ్యారు.

"ఇదీ నీ ప్రశ్నకి జవాబు," అంది గైడు మా వాడితో. "అందరూ పోలేదు. మిగిలినవాళ్ళ మనవలూ మునిమనవలూ ఉన్నారు. వాళ్ళలో ఒకాయన కథ చెప్తాను విను."

బంగారీ కథ చెప్పింది. ఈ బ్రోకెన్ బే మనిషి. ఇంగ్లిషు నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ 1802లో ఓడ మీద ఆస్ట్రేలియా చుట్టూ తిరగడానికి బయల్దేరినప్పుడు బంగారీని వెంట తీసుకెళ్ళాడు. ఓడ ఆగిన చాలా తీరాల్లో, ఎదురుగా ఈటెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళ దగ్గరికి ముందుగా ఆయుధం లేకుండా నడిచింది ఇతనే. వాళ్ళ భాష ఇతనికీ తెలీదు. అయినా మాట కలిపేవాడు. ఈ ఖండం చుట్టూ ఓడలో తిరిగివచ్చిన తొలి ఆదివాసి అతను. తర్వాత గవర్నర్ మెక్వారీ అతని మెడలో ఇత్తడి పలక వేసి 'బ్రోకెన్ బే తెగ పెద్ద' అన్నాడు. తెగలో అలాంటి పదవే లేదు. బంగారీ పాత సైనిక కోటూ, టోపీ వేసుకుని సిడ్నీకి వచ్చే ఓడలకి ఎదురెళ్ళి, ఇది నా దేశం, రండి అని స్వాగతం చెప్పేవాడు, బదులుగా కానుకలు అడిగేవాడు. గవర్నర్ల నడకా, మాటతీరూ అచ్చుగుద్దినట్టు అనుకరించేవాడట. ఊరంతా నవ్వుకునేది. 1830లో పోయాడు. అతను నవ్వించాడని పుస్తకాల్లో రాశారు. అద్దె వసూలు చేస్తున్నాడని నాకనిపించింది.

ఈ పార్కు 1894లో పుట్టింది. ఎకిల్‌స్టన్ డు ఫార్ అనే ఆయన అడవీ పూలూ నాశనమైపోతున్నాయని పట్టుబట్టి సాధించాడు. మంచి పని చేశాడు, లేకపోతే ఈ గుట్టలన్నీ ఇవాళ ఈతకొలనులున్న బంగళాలై ఉండేవి. పేరు మాత్రం జాన్ ఫ్రేజర్ అనే స్కూలు మాస్టరు 1892లో ఒక పెద్ద జాతికంటూ తనే కల్పించిన పేరు. ఆ పేరు తప్పని ఇప్పుడు స్థానిక ఆదివాసీ వారసత్వ కార్యాలయమే చెప్తోంది, ఇక్కడి వాళ్ళని గరిగల్ అని రాసే వాళ్ళున్నారు. అంటే, ఇల్లు ఖాళీ అయ్యాక ఇంటికి పేరు పెట్టారు, ఆపైన కాపాడారు. మన నల్లమలలో పులుల అభయారణ్యం పేరుతో చెంచుల్ని వాళ్ళ గూడేలైన పెంటల్లోంచి బయటికి రమ్మంటూ వచ్చిన కథ తెలిసినవాళ్ళకి దీని వరస అర్థమవుతుంది. అక్కడ ఇల్లు ఇంకా ఖాళీ కాలేదు.

చెక్కుడు బొమ్మలు చివరికి ఉంచింది గైడు. కావాలనే. మిట్టమధ్యాహ్నం వెళ్తే బండ తప్ప ఏమీ కనపడదు. పొద్దు వాలి, వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు గాడిలో సన్నటి నీడ నిలబడుతుంది. ఆ నీడే బొమ్మ. మూడున్నర దాటాక బేసిన్ ట్రాక్ దగ్గర కారాపి నడిచాం. బల్లపరుపు బండ, కల్యాణమండపం అంత వెడల్పు. మొదట ఏమీ లేదు. "అదుగో అవ్వా, తోక!" అన్నాడు మనవడు. తోక నుంచి వీపు, వీపు నుంచి చెవులు. వల్లబీ. చిన్న కంగారూ అనుకోవచ్చు. దాని పక్కన చేప. కొంచెం అవతల మనిషి, చేతులు చాచి. ఒకటి దొరికాక మిగిలినవి వాటంతటవే లేచి వస్తున్నాయి.

గట్టి రాయి మొనతో ముందు వరసగా చిన్న చిన్న గుంటలు పొడుస్తారు. తర్వాత ఆ గుంటల్ని కలుపుతూ రాకి గాడి చేస్తారు. కొన్నింట్లో ఆ గుంటల ఆనవాళ్ళు ఇంకా తెలుస్తున్నాయి. బొమ్మ లోపల ఏమీ నింపరు. వెలుపలి గీతే అంతా.

"ఇవి ఎన్నేళ్ళు ఉంటాయి?" అని అడిగాను.

ఆమె నేల మీద కూర్చుని బండ వైపు చూపించింది, తాకకుండా. ఇసుకరాయి మెత్తన. వాన పడినప్పుడల్లా గాడి అంచు కొంచెం కరుగుతుంది. పాతకాలంలో దాన్ని కరగనిచ్చేవాళ్ళు కాదు. వేడుకలు జరిగినప్పుడు, కథ పిల్లలకి చెప్పేటప్పుడు, ఆ గీత మీదే మళ్ళీ గీసేవాళ్ళు. కథ చెప్పడం, గాడి లోతు చేయడం ఒకే పని. ఆ గీత గీసే హక్కు ఎవరికి పడితే వాళ్ళకి లేదు. ఆ కథ ఎవరిదో వాళ్ళకే.

"నాకు లేదు," అంది. "నేను విరాడ్జురిని. పార్కు వాళ్ళకి లేదు. ఫోటోలో బాగా పడాలని ఇదివరకు సుద్దముక్కతో గీసినవాళ్ళకి అసలే లేదు. అందుకని ఎవ్వరం ముట్టుకోం. ముట్టుకోకుండా ఉండగా ఉండగా ఇవి పోతాయి."

సంరక్షణ అంటే ముట్టుకోకపోవడమేనని స్కూల్లో పిల్లలకి ఎన్నోసార్లు చెప్పినదాన్ని. పోర్షన్ అలాగే ఉంటుంది. ఇక్కడ మాత్రం చేయి పడకపోవడమే వీటికి జబ్బు. హక్కున్న వారసులు తేలి, పెద్దలు ఒప్పుకుంటే మళ్ళీ గీయడం జరగొచ్చని ఆమె అంది. అలాంటి మాటలు నడుస్తున్నాయా అంటే, "మాటలు ఎప్పుడూ నడుస్తాయి," అని లేచి ప్యాంటు దులుపుకుంది.

నేను చూడాలనుకున్న ఈము ఎల్వినా ట్రాక్ మీద, తిరుగుదారిలో ఉంది. పొడుగాటి మెడ, గుండ్రటి ఒళ్ళు, వెనక్కి చాపిన కాళ్ళు. ఈ వైపు ఈములు పోయి చాలాకాలమైంది. ఆకాశంలోది ఉంది. పాలపుంతలో నక్షత్రాలు లేని నల్లటి మడతలు కలిస్తే ఆ పక్షి. దాని తల, సదరన్ క్రాస్ పక్కనున్న నల్లమచ్చ. ఆ సదరన్ క్రాస్‌నే మనం త్రిశంకు అంటాం. వేసవి రాత్రుళ్ళు మా మిద్దె మీద నుంచి దక్షిణపు అంచున తక్కువ ఎత్తులో కనిపిస్తుంది. విశ్వామిత్రుడు ఆపిన చోటే వేలాడుతున్న రాజుని మేం చూశాం. వీళ్ళు ఆ రాజు పక్కనున్న చీకటిని చూసి పక్షి అన్నారు. చుక్కలు కలపడం లోకంలో అందరూ చేశారు. చుక్కలు లేని చోటుని బొమ్మగా చూడటం నాకు కొత్త. శరత్కాలపు సాయంత్రాల్లో, అంటే సరిగ్గా ఈ రోజుల్లో, ఆకాశపు ఈము ఈ రాతి ఈము మీదుగా దానికి సరిపోయే వాటంలో నిలబడుతుందని రే నారిస్ అనే ఖగోళ శాస్త్రవేత్త రాశాడు. ఈములు గుడ్లు పెట్టే కాలం కూడా అదే. కేలెండరు, పటం, కథ ఒకే బండ మీద.

అది చూడాలంటే రాత్రి దాకా ఉండాలి. చీకటి పడేలోగా గేట్లు మూసేస్తారు. గైడు తన కారులో వెళ్ళిపోయింది, వెళ్తూ మనవడి జేబులోని ఎండిన బ్యాంక్సియా కాయ చూపించి, ఎక్కడుంటే అక్కడే ఉంచమంది. వాడు జేబులోంచి తీసి యథాస్థానంలో పెట్టాడు.

కారులో అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చింతకుంట ముద్దనూరు నుంచి ఎంత దూరం అత్తయ్యా?" అని అడిగాడు. పెళ్ళయినప్పటి నుంచి జమ్మలమడుగు వస్తూనే ఉన్నాడు, గండికోట చూశాడు, చింతకుంట చూడలేదు. మా అమ్మాయి ఆ పక్కనే పుట్టి పెరిగింది, అదీ చూడలేదు.

"డిసెంబర్లో వస్తాం గదా, వెళ్దాం. టికెట్టు ముందే బుక్ చేయాలా?" అంది అమ్మాయి.

"టికెట్టూ లేదు, గేటూ లేదు. ముళ్ళకంప ఉంది. మంచి బూట్లు తెచ్చుకోండి," అన్నాను.